పెన్‌డ్రైవ్ పెట్టగానే

చోడవరం,
జూలై నెలాఖరు.

ప్రియమైన ఝాన్సీకి,

ప్రభువు దయవల్ల ప్రాణాలతో ఉన్నాం. ఫోన్ ఉండగా కాగితం మీద రాసిందేటి అనుకుంటావు. నా ఫోన్ నా చేతిలోనే ఉంది గాని నాది కాదిప్పుడు. పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి సత్తిబాబు షాపుకొచ్చి, "ఏదీ, ఎవరెవరు చేసేరో సూడనీ" అని చెయ్యి చాపుతన్నాడు. ఇవ్వకపోతే ఏదో దాస్తన్నానంటాడు. మా తమ్ముడు రాజ్‌కి కూడా నా ఫోన్ తియ్యడం తెలుసు. వాడి గురించే నీకు రాయాలి. అందుకే ఈ ఉత్తరం.

జరిగింది మొదట్నుంచీ చెప్తాను. బస్టాండు ఎదురుగా మా స్టూడియో నీకు తెల్సిందే. నాన్న పోయేక నేనూ తమ్ముడూ చూసుకుంటన్నాం. పెళ్ళి ఫోటోలు, జిరాక్సులు, పెన్‌డ్రైవ్ తెస్తే ప్రింట్లు. నువ్వు రాయగడ వెళ్ళేక బయట గోడకి ఒక టీవీ బిగించేం. మేం తీసిన ఫోటోలు అందులో ఒకదాని తర్వాత ఒకటి వస్తంటాయి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చూస్తారని, నాలుగు పెళ్ళిళ్ళు వస్తాయని నేనే పెట్టించేను.

మొన్న మంగళవారం ఆ టీవీలో ప్రవల్లిక ఫోటో పడింది. వడ్డాది దగ్గర పరదేశి గారమ్మాయి, నువ్విక్కడ డిగ్రీ కాలేజీ ల్యాబులో ఉన్నప్పుడు నీ దగ్గర చదువుకున్న గుంట. పక్కన బాలు, మా చర్చి కుర్రాడు, ఆటోలకి కరెంటు పని చేస్తాడు. ఇద్దరి మెడల్లో దండలు, వెనకాల రిజిస్ట్రారాఫీసు మెట్లు. బస్టాండంతా చూసింది. చూసినవాళ్ళలో వాళ్ళ ఊరోళ్ళు ఉన్నారు. కబురు వాళ్ళింటికి చేరేసరికి ఎవరు చెప్పేరో గాని ఆ పిల్ల ఇంట్లో లేదు. బాలూ లేడు. ఆ పిల్ల చిన్నాన్న సత్తిబాబు బెల్లం వ్యాపారం చేస్తాడు. మనుషుల్ని వేసుకొచ్చి షాపులో నిలబడి, "ఎవడు పెట్టేడు?" అని ఒకటే మాట.

ఆ ఉదయమే ప్రవల్లిక షాపుకొచ్చింది. ఉద్యోగానికి పంపాలని సర్టిఫికెట్లు ప్రింట్ తీయించుకుంది. పెన్‌డ్రైవ్ తీసుకున్నది రాజ్. "సర్టిఫికెట్లు తప్ప ఏదీ తెరవలేదక్కా" అంటాడు. ఝాన్సీ, నాకు నమ్మకం కుదరడం లేదు. ఆ గుంట వచ్చిందంటే వీడు అద్దం ముందుకెళ్ళి జుట్టు సరిచేసుకునేవాడు. ఇంకొకడి పక్కన దండతో చూసేడు. కుళ్ళు పుట్టి పెట్టేడేమో. తోడబుట్టినవాడి గురించి ఇలా రాస్తన్నాను.

నువ్వు కంప్యూటర్ల మనిషివి. ఒకరి పెన్‌డ్రైవ్ లోంచి ఫోటో ఎవరు తీసేరో తెలుసుకునే దారుందా? ఆ పిల్ల నీ స్టూడెంటే గదా, నీకేమైనా తెలుసా? ఊరికే అడుగుతన్నాను.

జవాబు షాపుకి రాయకు. చర్చి పక్కన స్వర్ణకుమారి ఆంటీ ఇంటికి రాయి. ఆవిడ నాకిస్తాది.

నీ
ఆశ్రిత


రాయగడ,
ఆగస్టు మొదటివారం.

ఆశ్రితా,

ఉత్తరం అందింది. అక్షరాలు నీవే. మాటలు కూడా నీవేనా అని రెండుసార్లు చదివేను. ఏమీ అనుకోకు. పక్కన ఎవరైనా నిలబడి రాయించి ఉంటే ఈసారి రాసేటప్పుడు మన క్లాసులో నీ పక్కన కూర్చున్న అమ్మాయి పేరు రాయకు. నువ్వొక్కదానివే రాస్తే ఆ పేరు రాయి. నాకు తెలుస్తుంది.

ప్రవల్లిక గురించి నాకేమీ తెలీదు. చాలాకాలమైంది మాట్లాడి. మంచి పిల్ల.

నువ్వడిగినదానికి జవాబు చెప్పాలంటే ముందు నాకు కొన్ని తెలియాలి. టీవీలో అంతకుముందు కూడా మీరు తియ్యని ఫోటోలేవైనా పడ్డాయా? ఆ పిల్లది ఒక్కటే పడిందా, ఇంకా పడ్డాయా? రాజ్ ఈ మధ్య సత్తిబాబు మనుషులతో తిరుగుతున్నాడా? సత్తిబాబు ఎక్కడెక్కడ వెతుకుతున్నాడు, ఎవరి పేర్లు ఎత్తుతున్నాడు? పోలీసులకి చెప్పేరా, లేక తమంతట తామే చూసుకుంటామంటున్నారా? పరదేశి గారు ఏమంటున్నారు?

నా ఫోన్ పాడైంది. ఇంటి అడ్రసు కనుక్కుని రాయకు, ఇప్పటిలాగే కాలేజీ ల్యాబు అడ్రసుకే రాయి. ఇంట్లో పోస్టు తీసుకునేవాళ్ళు ఉండరు.

ఝాన్సీ


చోడవరం,
ఆగస్టు.

ఝాన్సీకి,

సంధ్యారాణి. నా పక్కన కూర్చునేది సంధ్యారాణి. ఇప్పుడు నమ్ముతావా?

నా మీద అనుమానం దేనికే నీకు? నీ ఉత్తరం ఆంటీ వంటింట్లో కూర్చుని చదివేను. నేనెలా ఉన్నానని ఒక్క ముక్క లేదు. సత్తిబాబు ఎక్కడ వెతుకుతన్నాడు, ఎవరి పేర్లంటన్నాడు, అన్నీ అవే. ఆ సంగతులు నీకెందుకో నాకు అర్థం కాలేదు. సరే, చెప్తాను. పోలీసులకి చెప్పలేదు. చెబితే పిల్ల మేజర్ అంటారని భయం. విశాఖపట్నంలో బాలు మేనత్త ఇల్లు, అనకాపల్లిలో స్నేహితుల గదులు, అన్నీ తిరిగేసేరు. పరదేశి గారు షాపు మెట్లెక్కలేదు. రోడ్డవతల సైకిలు పట్టుకుని నిలబడి, మా టీవీ కేసి చూసి వెళ్ళిపోతాడు. టీవీ కట్టేసే ఉంటంది. అయినా చూస్తాడు.

మేం తియ్యని ఫోటోలు పడ్డాయా అనడిగేవు. పడ్డాయి. వేసవిలో ఒకరి గేదె పడింది. చీడికాడ మేస్టారి ఇంటి గృహప్రవేశం పడింది. రాజే సరదాకి వేసేడనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అవి కూడా వాడి పనే అనిపిస్తంది. వచ్చినవాళ్ళ పెన్‌డ్రైవ్‌లు తెరిచి చూసే అలవాటు వాడికి ఎప్పట్నుంచో ఉందేమో. ఇంకా ఏం చూసేడో, ఎవరివి దాచుకున్నాడో. వాడు స్నానానికి వెళ్ళినప్పుడు బ్యాగు వెతికేను. పరుపు కింద చూసేను. ఏటీ దొరకలేదు. దొరక్కపోతే ఇంకా జాగ్రత్తగా దాచేడనిపించింది.

మొన్న సత్తిబాబు వాడి చొక్కా పట్టుకున్నాడు. షాపులోనే, కస్టమర్ల ముందే చెంప మీద కొట్టేడు. నేను అడ్డం వెళ్ళలేదు. అప్పుడు నా నోటంట ఏమొచ్చిందో తెలుసా. "చేస్తే చేసేనని చెప్పెయ్ రా, ఇంతటితో పోతాది" అన్నాను. సత్తిబాబు చెయ్యి కిందికి దించేసేడు. "సూసేవా, మీ యక్కే అంటంది" అన్నాడు. రాజ్ నాకేసి చూసేడు. దెబ్బ తిన్నప్పుడు కూడా అలా చూడలేదు వాడు. అప్పట్నుంచీ ఇంట్లో అన్నం పెడితే తింటాడు, లేకపోతే లేదు. మాట లేదు.

నాకు తెలియాలి ఝాన్సీ. వాడు చేసేడో లేదో. ఏదైనా దారుంటే చెప్పు, లేకపోతే లేదని చెప్పు. ప్రశ్నలు రాయకు.

ఆశ్రిత


రాయగడ,
ఆగస్టు నడుమ.

ఆశ్రితా,

కోపం తెచ్చుకోకు. నువ్వెలా ఉన్నావో అడగాల్సింది, అడగలేదు. నా తల ఇంకోచోట ఉంది.

గేదె సంగతి రాసి మంచిపని చేసేవు. అది చదివేక నాకు ఒక అనుమానం గట్టిపడింది. అది మనిషి మీద అనుమానం కాదు.

పెన్‌డ్రైవ్ గుచ్చగానే అందులోవి మనకి కనబడవు. ముందు కంప్యూటర్ దాన్ని తనలో కలుపుకోవాలి. దాన్నే మౌంట్ చెయ్యడం అంటాం. మనం చదువుకున్నప్పుడు నల్ల స్క్రీన్ మీద మనమే టైపు చేసి కలిపేవాళ్ళం, మేడం తిట్టేది. ఇప్పుడు ఆ పని ఎవరూ చెయ్యక్కర్లేదు. పెన్‌డ్రైవ్ అయినా, కెమెరా కార్డయినా, ఫోనయినా గుచ్చితే చాలు, తనంతట తనే కలిపేసుకుంటుంది. అక్కడితో ఆగితే ఫరవాలేదు. కలిపిన వెంటనే ఇంకా ఏం చెయ్యాలో కూడా ముందే చెప్పి ఉంచొచ్చు. ఫోటోలుంటే ఫలానా ఫోల్డర్లోకి తీసేసుకో అని. అలా చెప్పి ఉంచితే అది నీ కెమెరా కార్డో, ఎవరి పెన్‌డ్రైవో చూడదు. ఎవర్నీ అడగదు. ప్రింట్ తీసేవాడు సర్టిఫికెట్ ఒక్కటే తెరిచినా, వెనకాల ఫోటోలన్నీ వచ్చేస్తాయి. మీ టీవీ చూపించేది కూడా ఆ ఫోల్డరే అయితే ఇంక చెప్పేదేముంది.

మీ కంప్యూటర్‌లో అలా ఉందో లేదో ఇక్కడ్నుంచి నేను చెప్పలేను. నువ్వే చూడు. ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకుని, మీ కంప్యూటర్‌లో ఎప్పుడూ లేని ఫోటో ఒకటి వేరేచోట అందులో వేయించు. రాజ్ లేనప్పుడు టీవీ వేసి, అది గుచ్చు. తర్వాత దేన్నీ ముట్టుకోకు. మౌస్ కూడా కదపకు. బయటికెళ్ళి నిలబడి టీవీ చూడు.

అది చూసేదాకా వాణ్ణి ఇంకేమీ అనకు.

ఝాన్సీ


చోడవరం,
ఆగస్టు చివర.

ఝాన్సీ,

నువ్వు చెప్పినట్టే చేసేను. స్వర్ణకుమారి ఆంటీ కుట్టు మిషను ఫోటో తీసి, అనకాపల్లిలో ఒక షాపులో పెన్‌డ్రైవ్‌లో వేయించుకొచ్చేను. రాజ్ భోజనానికి వెళ్ళినప్పుడు గుచ్చేను. చేతులు చీరకొంగులో చుట్టుకుని బయటికొచ్చి నిలబడ్డాను, ఎక్కడ ముట్టేసుకుంటానో అని. ముందు ఒక పెళ్ళికూతురు వచ్చింది. తర్వాత ఓణీల ఫంక్షను. తర్వాత ఆంటీ కుట్టు మిషను, మీద సగం కుట్టిన జాకెట్టుతో సహా, అంత టీవీ నిండా. షాపు మెట్టు మీద కూర్చుండిపోయేను.

కంప్యూటర్ కొన్నప్పుడు విశాఖపట్నం నుంచి వచ్చి బిగించినాయన చేసిన ఏర్పాటట. పెళ్ళి నుంచి రాగానే కార్డు గుచ్చితే ఫోటోలు వాటంతటవే వచ్చేస్తాయి, మీకు పని తగ్గుతాది అన్నాడని రాజ్ చెప్పేడు. ఆ ముక్క చెప్పడానికి మాత్రం నోరు తెరిచేడు. "నీకిది ముందే తెలిస్తే ఎందుకు చెప్పలేదురా" అంటే, "మన కార్డులకే అనుకున్నానక్కా. అయినా నువ్వు నన్ను అడగలేదు గదా, వెతికేవు" అన్నాడు. నేను బ్యాగు వెతికింది వాడికి తెలుసు. బట్టలు మడత మారిపోయేయట.

సత్తిబాబుని పిలిచి ఇదంతా కళ్ళకి చూపిద్దామనుకుంటన్నాను. ఊళ్ళో వాణ్ణి ఇంకా దొంగలాగే చూస్తన్నారు.

ఇంకొకటి. కోపం లేదు, సూటిగా అడుగుతన్నాను. నీ ఫోన్ పాడైందన్నావు. ఆంటీ చీడికాడ వెళ్ళినప్పుడు మీ అమ్మని కలిసిందట. "మా ఝాన్సీ రోజూ మాట్లాడతాది, కొత్త నంబరు తీసుకుంది" అని మీ అమ్మ అందట. నంబరు అడిగితే ఎవరికీ ఇవ్వొద్దందట నువ్వు. ఇంటికి ఉత్తరం రాయొద్దన్నావు. ఇంట్లో ఎవరూ ఉండరన్నావు. నేను తమ్ముణ్ణి అనుమానించి బుద్ధి తెచ్చుకున్నదాన్ని. నిన్ను కూడా మనసులో పెట్టుకుని తవ్వుకోవడం నావల్ల కాదు. నీ ఇంట్లో ఎవరున్నారు ఝాన్సీ?

ఆశ్రిత


రాయగడ,
సెప్టెంబరు.

ఆశ్రితా,

ఆ ప్రశ్న అడక్కు. అడిగితే నీకు అబద్ధం చెప్పాలి. ఇప్పటికే చెప్పినవి చాలు, ఇంకొకటి చెప్పించకు.

రాజ్ తప్పు లేదని తేలినందుకు సంతోషం. సత్తిబాబుకి చూపించే ముందు బాగా ఆలోచించుకో. అతనికి నిజం కావాలని నాకు అనిపించడం లేదు.

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

ఝాన్సీ


చోడవరం,
సెప్టెంబరు, శుక్రవారం సాయంత్రం.

ఝాన్సీ,

ఈ ఉత్తరం రాజ్ చేతికిచ్చి పంపిస్తన్నాను. ఆంటీ ఫోన్ లోంచి మీ అమ్మకి సంగతి చెప్పి, కొత్త నంబరు తీసుకుని చేసేను. ఎన్నిసార్లు చేసినా స్విచ్చాఫ్. ఇంటి అడ్రసు కూడా మీ అమ్మే చెప్పింది. వాణ్ణి చూసి భయపడకు. ముందు చదువు.

ఈరోజు మధ్యాహ్నం సత్తిబాబుని షాపుకి పిలిచేను. వద్దని నువ్వు రాసేవు గాని, నా తమ్ముడు తలవంచుకుని తిరుగుతంటే చూడలేకపోయేను. నలుగురూ ఉన్నప్పుడే పిలిచేను. "బాబూ, మావాడు ఏదీ తియ్యలేదు. ఈ కంప్యూటరే తీసుకుంటాది. మీ ఫోనే గుచ్చి చూపిస్తాను, ఎవరం ముట్టుకోం" అన్నాను. నవ్వేడు. "సరే, సూపించు మీ కంప్యూటర్ మాయ" అని ఫోనిచ్చేడు. వైరు గుచ్చితే ఫోనులో ఏదో అడిగింది. చూడకుండానే సరే అని నొక్కేసేడు. అందరం బయటికొచ్చి టీవీ కింద నిలబడ్డాం. రాజ్ ఒక్కడూ లోపల గోడకానుకుని ఉన్నాడు.

చెరుకు తోట వచ్చింది. ఆయన మెడలో దండతో ఏదో మీటింగు వచ్చింది. బెల్లం దిమ్మలు వచ్చేయి. జనం "అవునే, నిజమే" అనుకుంటన్నారు. నాకు ఏడుపొచ్చేలా ఉంది, తమ్ముడి మీద పడ్డ మాట తుడిచేసేను గదాని.

తర్వాత నువ్వొచ్చేవు.

నీలం గేటు. గేటు దగ్గర స్కూటర్ పట్టుకుని నువ్వు. నీ వెనకాల కుళాయి కింద బిందె పెట్టి వంగి ఉన్న ప్రవల్లిక. ఎవరో రోడ్డవతల నుంచి, లారీ కిటికీలోంచి తీసినట్టుంది. పక్కన అద్దం అంచు కనబడతంది.

నేను చూసేను. నేను చూడ్డం సత్తిబాబు చూసేడు. మిగతావాళ్ళకి అది ఎవరో ఏటో తెలీలేదు. ఆయన గబగబా లోపలికెళ్ళి వైరు పీకేసేడు. నా పక్కకొచ్చి మెల్లిగా అన్నాడు, "నీకు తెలుసన్నమాట." నేను తెలీదన్నాను. నిజంగా తెలీదు గదా. నమ్మలేదు. "రాయగడకి మా బెల్లం లారీ వారంవారం ఎల్తాది. రేపు కారు మాటాడేను. నువ్వు ఫోన్ సేసేవో, నీ తమ్ముడు సంగతి నేను సూసుకుంటాను" అన్నాడు. అంటే ఫోటో ఎవరు పెట్టేరన్నది ఆయనకి ఎప్పుడో అనవసరమైపోయింది. నా దగ్గర్నుంచి పిల్ల జాడ లాగుదామని వస్తండేవాడు. జాడ లారీ మీద దొరికింది.

ఇంటికొచ్చి రాజ్‌తో చెప్పేను. ఎలా అడగాలో తెలీలేదు. నేను వాణ్ణి అన్న మాట ఇంకా మా ఇద్దరి మధ్యనే ఉంది. "రాయగడ వెళ్తావా రా? నువ్వు వెళ్తానంటేనే. వద్దంటే నేను వెళ్తాను" అన్నాను. వాడు చొక్కా మార్చుకుంటా, "ఉత్తరం రాసివ్వు. నేనూరికే వెళ్తే వాళ్ళు తలుపు తియ్యరు" అన్నాడు. అంతే అన్నాడు. విశాఖపట్నం వెళ్ళి రైలెక్కుతాడు. కారు కంటే ముందే చేరాలి.

నువ్వు నాకు చెప్పకపోవడం మంచిదే అయింది. తెలిసుంటే నా మొహంలో కనబడేసేది.

వాళ్ళని ఆ ఇంట్లోంచి కదిలించు.

ఆశ్రిత


రాయగడ,
సెప్టెంబరు, ఆదివారం.

ఆశ్రితా,

అందరం బాగున్నాం. ముందు అది రాసేసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

శనివారం తెల్లవారేక గేటు చప్పుడైతే కిటికీలోంచి చూసేను. రాజ్. ప్రవల్లిక చూసి, "వాడేనక్కా ఫోటో పెట్టింది, చిన్నాన్నని తీసుకొచ్చేడు" అని లోపలి గదిలోకి పోయి గడియ పెట్టేసుకుంది. కుట్టు మిషను సంగతి వాళ్ళకి నేను చెప్పి ఉన్నాను. అయినా భయం ముందు అవన్నీ నిలబడవు. నాక్కూడా నిలబడలేదు. నీ ఉత్తరాలన్నీ నన్ను నమ్మించడానికే రాసేవేమో అని ఆ కాసేపట్లో అనుకున్నాను. అలా అనుకున్నానని నీకు తెలియాలి.

బాలు కర్ర పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాడు. నేను గేటు తియ్యకుండానే "ఎందుకొచ్చేవు?" అన్నాను. రాజ్ ఉత్తరం గేటు కింద నుంచి తోసి, రోడ్డవతలకి వెళ్ళి, మాకు బాగా కనబడేలా అరుగు మీద కూర్చున్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నేను చదివేంతసేపూ అలాగే కూర్చున్నాడు.

చదివి గేటు తీసేను. "మా కాలేజీ ప్రిన్సిపాల్ గారమ్మాయి లాయరు, అక్కడికి వెళ్దాం" అన్నాను. ఇన్నాళ్ళూ దాచాలనే చూసేను గాని చట్టం దగ్గరికి వెళ్ళాలని తట్టలేదు నాకు. ఆవిడే మమ్మల్ని పోలీస్ స్టేషనుకి తీసుకెళ్ళింది. పెళ్ళి సర్టిఫికెట్ ప్రవల్లిక చేతిలోనే ఉంది. రక్షణ కావాలని కాగితం రాసిచ్చేం.

మధ్యాహ్నానికి కారు వచ్చింది. ఇల్లు తాళం వేసుండటం చూసి, ఎవర్నో అడిగి స్టేషనుకే వచ్చేరు. సత్తిబాబు, ఇంకో ఇద్దరు, వెనక సీట్లోంచి ఆఖర్న దిగినాయన పరదేశి గారు. సత్తిబాబు ఎస్సై గారితో గట్టిగా మాట్లాడబోయేడు. ఆయన ఒడియాలో ఏదో అనేసరికి తగ్గేడు. ప్రవల్లికని అడిగితే, "నాకు వయసొచ్చింది. నా ఇష్టంతో చేసుకున్నాను. వీళ్ళతో ఇప్పుడు వెళ్ళను" అంది.

పరదేశి గారు అంతవరకూ బల్ల చివర కూర్చుని ఉన్నారు. లేచి కూతురి దగ్గరికొచ్చేరు. బాలు లేచి నిలబడ్డాడు. ఆయన బాలు కేసి చూడలేదు. "తిన్నావేటమ్మా?" అని అడిగేరు. "తిన్నాను నాన్నా" అంది. "సరే" అని వెళ్ళి కారెక్కేసేరు. సత్తిబాబు ఎంత పిలిచినా మళ్ళీ దిగలేదు. పెద్దాయన దిగకపోతే సత్తిబాబు ఒక్కడూ ఏం మాట్లాడతాడు. పిల్ల జోలికి రామని కాగితం మీద సంతకం పెట్టించుకుని పోలీసులు పంపించేసేరు. మళ్ళీ రాడని నేను అనుకోవడం లేదు. కానీ ఇకమీదట దొంగచాటుగా రాలేడు, పోలీసులకి తెలుసు.

ఇంటికొచ్చేక ప్రవల్లిక రాజ్‌కి కాఫీ ఇచ్చి, "అన్నా, నిన్ను అనవసరంగా అనుకున్నాను" అంది. వాడు, "అందరూ అనుకున్నారులే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అది నవ్వులా అనిపించలేదు నాకు. ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. వాడితో మాట్లాడు ఆశ్రితా. ఊరు ముందు వాడి పేరు బాగుచేసేవు. ఇంట్లో ఇంకా చెయ్యలేదు.

నీ
ఝాన్సీ


చోడవరం,
అక్టోబరు.

ప్రియమైన ఝాన్సీకి,

రాజ్ క్షేమంగా వచ్చేడు. వచ్చిన రోజు వాడికి ఇష్టమని ఎండు చేపల పులుసు పెట్టేను. తింటన్నప్పుడు చెప్పేను. "నిన్ను అడగాల్సింది రా. అడక్కుండా నమ్మేసేను, నువ్వే చేసేవని. సత్తిబాబు కొడితే ఆగమనలేదు." వాడు తినడం ఆపి, "కొట్టినందుకు కాదక్కా" అన్నాడు. ఇంకొంచెం పులుసు వెయ్యమన్నాడు. అది మాఫీయో కాదో నాకు తెలీదు. మళ్ళీ అడిగి చూడను. చెప్పాలనిపించినప్పుడు చెప్తాడు.

కంప్యూటర్‌లో ఆ ఏర్పాటు తీసేసేడు. ఇప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చితే తెరవమంటారా అని అడుగుతాది. మేం వాళ్ళనడుగుతాం. కొందరు విసుక్కుంటన్నారు, బస్సు టైమైపోతందని. ఆ ఫోల్డర్లో ఇన్నాళ్ళూ చేరినవన్నీ ఇద్దరం కూర్చుని ఒక పూటంతా తీసేసేం. ఎవరెవరివో ఝాన్సీ. ఆసుపత్రి మంచాలు, పసిపిల్లలు, ఎవరో ముసలాయన శవం దగ్గర కూర్చున్న మనుషులు. టీవీలో ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయేయో ఏటో. చూడకుండా తీసేద్దామన్నాడు రాజ్. మొహం పక్కకి తిప్పుకుని నొక్కేం.

ప్రవల్లికది మాత్రం తియ్యలేదు. కారణం చెప్తాను.

సత్తిబాబు ఇటు రావడం మానేసేడు. మొన్న సంత రోజున అచ్చియ్యమ్మ గారొచ్చేరు, ప్రవల్లిక వాళ్ళమ్మ. నేను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. జిరాక్సుకొచ్చేరనుకున్నాను. రద్దీ తగ్గేదాకా బల్ల మీద కూర్చుని, అప్పుడు దగ్గరికొచ్చి, "అమ్మా, మా గుంట ఫోటో మీ టీవీలో ఏసేరంట గదా" అన్నారు. మళ్ళీ గొడవేమో అని రాజ్ లేచి నిలబడ్డాడు. ఆవిడ, "కొట్లాటకి రాలేదు బాబూ. ఊరంతా సూసేరు. బస్సోళ్ళు సూసేరు, మా మరిది సూసేడు. నేనొక్కదాన్నే సూళ్ళేదు. ఒకసారి సూపిస్తావా? కుదిరితే ఒక కాగితం మీద తీసివ్వు, దాసుకుంటాను" అన్నారు.

ఆవిడ చేతిలో పెట్టేద్దామని నా ప్రాణం కొట్టుకుంది. కన్నతల్లి గదా. రాజ్ నా చెయ్యి పట్టుకుని, "అడగాలక్కా" అన్నాడు. నిజమే. ఆ ఫోటో మొదటిసారి ఎవర్నీ అడక్కుండానే బయటికెళ్ళింది. "అమ్మా, మీ పాపని అడిగి ఇస్తాను. అంతవరకూ నేను కూడా తెరవను" అన్నాను. కోప్పడతారనుకున్నాను. "అడుగు తల్లీ, మళ్ళీ సంతకొస్తాను" అని వెళ్ళిపోయేరు.

కాబట్టి ప్రవల్లికని అడుగు. ఇమ్మంటే ఒకటి ఇచ్చి, మాది తీసేస్తాం. వద్దంటే ఇప్పుడే తీసేస్తాం.

నీ
ఆశ్రిత


రాయగడ,
అక్టోబరు.

ఆశ్రితా,

ప్రవల్లికకి నీ ఉత్తరం ఇచ్చేను. చదివి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆ ఫోటో ఇవ్వొద్దంది. తీసేయమంది. "అది అందరూ చూసేసిన ఫోటో. మా అమ్మకి అది వద్దు" అంది. తర్వాత బాలుని తీసుకుని బజారుకెళ్ళి, స్టూడియోలో కొత్తది తీయించుకొచ్చింది. ప్రింట్ ఒక్కటే తీయించి, కెమెరా కార్డులోది తన ముందే చెరిపించిందట. కవరులో పెట్టి తనే అంటించింది. నాకు చూపించలేదు. నేనూ అడగలేదు.

దీనితో జత చేస్తున్నాను. అమ్మ చేతికే ఇమ్మంది.

నీ
ఝాన్సీ


చోడవరం,
నవంబరు.

ప్రియమైన ఝాన్సీకి,

అచ్చియ్యమ్మ గారు సంతకొచ్చేరు. కవరు ఇచ్చేను. కూతురు పంపిందని చెప్పేను. పాత ఫోటో వద్దందని, తీసేసేమని కూడా చెప్పేను.

ఆవిడ కవరుని అటూ ఇటూ తిప్పి చూసేరు. షాపులో ఇద్దరు ముగ్గురున్నారు. రాజ్ వాళ్ళని, "పావుగంట ఆగి రండి" అని మెట్లు దింపి, తనూ బయటికెళ్ళి గుమ్మానికి వీపు పెట్టి నిలబడ్డాడు. నేను జిరాక్సు మిషను దగ్గరికెళ్ళి కాగితాలు సర్దుకున్నాను. ఆవిడ గోడవైపు తిరిగి కవరు చింపేరు.

నవ్వేరో ఏడ్చేరో నాకు తెలీదు. నేను చూడలేదు. చాలాసేపటికి, "సిక్కిపోయింది గుంట" అన్నారు. ఇంకాసేపటికి, "ఆ కుర్రోడు బావున్నాడు" అన్నారు. కవరు బొడ్లో దోపుకుని, కళ్ళు తుడుచుకుని, బయట నిలబడ్డ రాజ్ భుజం మీద చెయ్యేసి, "రాయగడ ఏ రైలెక్కాల బాబూ?" అని అడిగేరు.

"నేను తీసుకెళ్తానమ్మా" అన్నాడు వాడు.

ఆదివారం ఆరాధన అయ్యేక బయల్దేరతన్నారు. పరదేశి గారికి చెప్పే వస్తన్నారట. గేటు తీసి ఉంచు.

నీ
ఆశ్రిత